రెండు మార్కుల క్రాకింగ్

పన్నెండు దాటి మూడు నిమిషాలు. పరీక్ష ఒంటిగంటకి. అంటే ఇంకా యాభై ఏడు నిమిషాలు ఈ సిమెంటు బెంచీ మీద ఒక్కచోట కూర్చోవాలి, కూర్చోవడమంటేనే దియోచంద్‌కి ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది, ఇరవై ఎనిమిదేళ్ళు రిఫైనరీ మెట్లు ఎక్కి దిగిన కాళ్ళు అవి, యాభై నాలుగేళ్ళొచ్చినా నిలకడ నేర్చుకోలేదు, ఇప్పుడు కూడా చూడండి, ఎడమ మోకాలు దానంతటదే కుట్టుమిషనులా ఆడుతోంది, దాన్ని ఆపితే కుడిది అందుకుంటోంది. చుట్టూ నూట యాభై మంది ఆడపిల్లలు, నీలం స్కర్టులూ తెల్ల చొక్కాలూ, కళ్ళు సగం మూసుకుని పెదాలు కదుపుతూ వరండా పొడుగునా అటూ ఇటూ తిరుగుతున్నారు, వాళ్ళ మధ్య బట్టతలా బొజ్జా ఇస్త్రీ చొక్కాతో తనొక్కడు, ప్లాస్టిక్ సంచీలో రెండు పెన్నులూ గుర్తింపు కార్డూ పట్టుకుని, పొరపాటున వేరేవాళ్ళ పెళ్ళిపందిట్లో విస్తరి ముందు కూర్చున్నవాడిలా. ఈ దీవిలో ప్రైవేటుగా పరీక్ష కట్టిన వాళ్ళని శాన్ ఫెర్నాండో ఊళ్ళో ఏ బడిలో ఖాళీ ఉంటే ఆ బడిలో పడేస్తారు, తనకి పడింది మేనకోడలు కరీషా చదివే ఈ కొండమీది ఆడపిల్లల బడి. ఇందాక ఒక టీచరమ్మ హడావిడిగా వచ్చి నిలబడింది. "ఏసీ చూడ్డానికొచ్చింది మీరేనా?" దియోచంద్ నాలుక ఆగుతుందా! "నేనే మిస్. ఏమైంది దానికి?" "నీళ్ళు కారుతోంది." "పరీక్షల రోజులు కదా మిస్, దానికీ ఏడుపొస్తుంది. ఒంటిగంటకి లోపలికొచ్చి చూస్తాలెండి." ఆవిడ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. ఒంటిగంటకి లోపలికెళ్ళే మాట మాత్రం నిజమే కదా. బాదం చెట్టు కింద నుంచి ఇదంతా చూస్తున్న కరీషా చేతిలో ప్రశ్నలు రాసుకున్న రంగు కాగితాల కట్ట ఆడిస్తూ అరిచింది, "మామూ! పరీక్షకొచ్చావా పరాచికాలకొచ్చావా?" పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు, వాళ్ళ నవ్వుతో పాటు తనూ నవ్వాడు గానీ ఆ నవ్వు గొంతు దాటి కిందికి దిగలేదు, అక్కడే ఎక్కడో, పొద్దున తిన్న డబుల్స్ రొట్టెల్లో శనగల పక్కన ఎక్కువైన మిరప కారంలా మండుతూ కూర్చుంది.

డెకేన్, పది కార్బన్లు, ఇరవై రెండు హైడ్రోజన్లు. వేడి చేసి విరగ్గొడితే ఎనిమిది కార్బన్ల ఆక్టేన్ ఒకటి, రెండు కార్బన్ల ఈథీన్ ఒకటి. ఎనిమిదీ రెండూ పది, పద్దెనిమిదీ నాలుగూ ఇరవై రెండు, లెక్క సరిపోయింది, ప్రతిసారీ సరిపోతుంది, చెల్లెలి వంటింటి బల్ల మీద నాలుగు నెలలుగా సరిపోతూనే ఉంది. పొడుగు గొలుసుని పొట్టి గొలుసులుగా విరగ్గొట్టడమే క్రాకింగ్, అంతే మామూ, ఇంకేం లేదు, అంటుంది కరీషా గులాబీ రంగు కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుని. అంతేనా! క్రాకరు పద్నాలుగు అంతస్తుల ఎత్తుంటుంది, లోపల ఏడొందల డిగ్రీల క్యాటలిస్టు పొడి ఏరులా కిందికి జారుతుంటే దాని మీద చిమ్మిన నూనె భగ్గున ఆవిరై, ఆ పొడినే భుజాన వేసుకుని గొట్టంలో పైకి లేస్తుంది, మూడు సెకన్లు, మూడే మూడు సెకన్లు, ఒకసారి తుమ్మేలోపు తారులాంటి నూనె పెట్రోలవుతుంది, ఆ గొట్టం పక్కన నిలబడితే అరికాళ్ళ నుంచి దవడ దాకా సన్నగా వణుకు, ఆ వణుకులో తేడా వస్తే మీటరు కంటే ముందు దియోచంద్ దవడకి తెలిసేది. ఇవన్నీ అంతే అనే మాటలో ఎక్కడ పట్టాయి? ఇక క్యాటలిస్టు సంగతయితే చెప్పనే అక్కర్లేదు. పని పూర్తయ్యాక క్యాటలిస్టులో ఏ మార్పూ ఉండదు అని రాసుంది పుస్తకంలో. ఎవడు చూశాడు? ప్రతి మూడు సెకన్లకీ మసిబారి నల్లగా అలసిపోయి వస్తుందది, దాన్ని పక్క కొలిమిలో వేసి మసి కాల్చేస్తే గానీ మళ్ళీ బూడిద రంగుకి రాదు, అయినా రోజుకి కొంత అరిగి గాల్లో కలిసిపోతుంది, రోజూ డ్రమ్ముల కొద్దీ కొత్తది పోసేవాళ్ళు, పోసిన చేతులు ఇవిగో. ఆ మాట అంటే కరీషా కాగితం దించి, చదువు చెప్పే పంతులమ్మలా కాదు, పిల్లాడి చేత మందు తాగించే తల్లిలా చూసింది. "మామూ, పరీక్ష అయ్యేదాకా పుస్తకం చెప్పిందే నిజం. తర్వాత నీ ఇష్టం, వచ్చి సిలబస్ రాసినవాళ్ళతో కొట్టుకో." "కొట్టుకోవాలంటే ఎక్కడుంటారమ్మడూ వాళ్ళు?" "బార్బడోస్‌లో." "అయితే పడవెక్కాలి," అన్నాడు, చెల్లెలు పొయ్యి దగ్గర్నుంచి గరిట చూపించింది, కరీషా మాత్రం నవ్వలేదు, ఏ మార్పూ ఉండదు అని పదిసార్లు రాయించింది, రాస్తుంటే చెయ్యి తప్పు చేస్తున్న చెయ్యిలాగే ఉంది.

పన్నెండూ పదిహేడు. గాలి లేదు, వర్షం వచ్చేలా ఉంది, గల్ఫ్ సముద్రం వైపు ఆకాశం తడి సున్నంలా ఉంది. అటు ఉత్తరాన, చెట్లు అడ్డం లేకపోతే, ఇక్కణ్ణుంచే కనిపించేవి రిఫైనరీ చిమ్నీలు, కనపడకపోయినా తల అటే తిరుగుతుంది, అలవాటు. పదహారేళ్ళప్పుడు కూడా ఇలాగే ఒక బడి, ఇలాగే కెమిస్ట్రీ, ఆ పరీక్ష రాయనేలేదు, ఎందుకంటే పరీక్షకి పది రోజుల ముందు లాబొరేటరీలో కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొట్టే గ్యాసు తయారుచేసే గాజు బుడ్డీని టీచర్ల గదిలో బీరువా వెనకాల పెట్టి వదిలేశాడు, హెడ్మాస్టరు ముక్కుకి టై అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తడం చూసి బడి బడంతా వారం రోజులు నవ్వింది, దియోచంద్ ఆ నవ్వు వినలేదు, అప్పటికే ఇంట్లో ఉన్నాడు, ఇంక రావద్దన్నారు. నాన్న కొట్టలేదు, చెరుకు తోటలోకి తీసుకెళ్ళి కత్తి చేతికిచ్చాడు. కొన్నేళ్ళకి రిఫైనరీలో ఊడ్చే పని. అక్కణ్ణుంచి క్రాకరు. అక్కడి ఫోర్మన్ అంబ్రోజ్ లేకపోతే చివరిదాకా ఊడుస్తూనే ఉండేవాడు. ఆరడుగుల మనిషి, తెల్ల గడ్డం, ఉక్కు కడ్డీ ఒక చివర వాల్వు మీదా ఇంకో చివర తన చెవి వెనక ఎముక మీదా ఆనించి కళ్ళు మూసుకునేవాడు, లోపల పొడి ఎలా పారుతోందో వినేవాడు, తర్వాత ఆ కడ్డీ దియోచంద్ చెవి వెనక పెట్టి, "ఏం వినపడుతోందిరా?" అని అడిగేవాడు. "ఇసక జారుతున్నట్టుంది బాస్." "ఇసక కాదు. బియ్యం పోస్తున్నట్టుంటే బాగున్నట్టు, ఇసకలా ఉంటే ఎక్కడో అడ్డుపడుతున్నట్టు. మళ్ళీ విను." మళ్ళీ మళ్ళీ విన్నాడు, ఎనిమిది నెలలు విన్నాడు, బియ్యం తెలిసింది. అదే ఏడాది కార్నివాల్ మంగళవారం అందరూ నావికుల వేషాలేసుకుని జనం మీద టాల్కం పౌడరు చల్లుతుంటే, తను మాత్రం సంచీ నిండా కొత్త క్యాటలిస్టు తెచ్చి అంబ్రోజ్ తల మీద కుమ్మరించాడు, ఏ మాత్రం తేడా లేదు, అంతే మెత్తన, అంతే తెలుపు, కాకపోతే చెమటకి తడిసి ఒళ్ళంతా దురద, అంబ్రోజ్ సాయంత్రం దాకా ఎద్దులా గోడకి వీపు రుద్దుకుంటూ నడిచాడు, ఆ రోజు నుంచి దియోచంద్ పేరు పౌడర్. "పౌడర్, ఒరేయ్ పౌడర్, నిన్ను ఏదో రోజు ఆ కొలిమిలో వేసి కాలుస్తాన్రా, మసి వదిలి మనిషివవుతావు." ఇప్పటికీ తనుండే మారబెల్లాలో సగం మందికి తన అసలు పేరు తెలీదు. గుర్తింపు కార్డు మీదుంది, దియోచంద్ గోసైన్ అని, ఇందాక గేటు దగ్గర పిలిస్తే ఎవర్నో అనుకుని పక్కకి జరిగాడు.

కరీషా చెట్టు కింద కూర్చుని కళ్ళు మూసుకుంది. తన పరీక్ష తను చూసుకోవాలి కదా పిల్ల, వైద్యం చదవాలని దానికి, నాలుగు నెలలు ఈ ముసలి దున్నపోతుని తోమింది. బ్రోమిన్ నీళ్ళు, నారింజ రంగు, ఆల్కీన్ కలిస్తే రంగు పోతుంది, ఆల్కేన్ కలిస్తే పోదు. ఆల్కీన్‌కి రెండు బంధాలు, ఒకటి తెంచుకుని వచ్చినవాణ్ణి పట్టుకుంటుంది. ఆల్కేన్‌కి చేతులు నిండుగా ఉంటాయి, ఎవరూ అక్కర్లేదు. రిఫైనరీ మూసేసిన రోజు అందరూ ఆల్కీన్లయిపోయారు, అనుకున్నాడు, అనుకుని తనకి తానే ముచ్చటపడ్డాడు, ఇది రాస్తే మార్కులేస్తారా, వెయ్యరు. ఒక పొడుగు గొలుసు, వేలమంది, ఒక్క శుక్రవారం పటపటా విరిగిపోయింది, కొందరు గయానాకి, కొందరు సూరినామ్‌కి, కొందరు కెనడాలో బంధువుల నేలమాళిగల్లోకి, తేలికైన వాళ్ళందరూ పైకి తేలిపోయారు, బరువైన వాళ్ళు అడుగున మిగిలారు, అడుగున మిగిలింది రోడ్లకి వేస్తారు. దియోచంద్ రోడ్డు మీదే ఉన్నాడు, పాత నిస్సాన్‌లో మారబెల్లా నుంచి శాన్ ఫెర్నాండోకి జనాన్ని తిప్పుతూ, ఇదే రోడ్డు రోజుకి ఇరవై సార్లు. ఆర్నెల్ల కింద పాయింట్ లీసాస్‌లో ఒక శిక్షణ బడివాళ్ళు పిలిచారు, గయానా నుంచి వచ్చే కుర్రాళ్ళకి క్రాకరు నేర్పే మనిషి కావాలన్నారు. మూడు గంటలు మాట్లాడాడు, బల్ల మీద నీళ్ళ సీసాలూ బిస్కెట్ పొట్లాలూ పేర్చి ప్లాంటంతా కట్టి చూపించాడు, నోరు తెరుచుకుని చూశారు. అంతా అయ్యాక వాళ్ళలో ఒక గడ్డం కుర్రాడు ఫైలు తిప్పి, "అంకుల్, ఐదు సబ్జెక్టుల్లో పాసులుండాలి, మీకు నాలుగే ఉన్నాయి," అన్నాడు, ఆ నాలుగూ కూడా పడుతూ లేస్తూ ఏడాదికొకటి చొప్పున రాత్రి బడిలో తెచ్చుకున్నవి. "ఏది తక్కువ?" "కెమిస్ట్రీ." ఆగస్టు దాకా ఆ కుర్చీ ఖాళీగా ఉంచుతామన్నారు, ఒకసారి జనవరిలో రాశాడు, పోయింది, ఇదే చివరిది. మళ్ళీ కడ్డీ పట్టుకుని ఎవడి చెవి వెనకో పెట్టి ఏం వినపడుతోందిరా అని అడగాలని ఎంత ఉందో ఎవరికి చెప్పుకుంటాడు, కార్లో వెనక సీట్లో కూర్చున్న వాళ్ళకా, వాళ్ళకి బ్రేకులు కీచుమంటున్నాయన్న బాధ తప్ప ఇంకోటి లేదు.

పన్నెండూ ముప్పై ఒకటి. జనవరి. జనవరి తలుచుకోవద్దు అనుకుంటే జనవరే వస్తుంది, పంటి సందులో ఇరుక్కున్న మామిడి పీచులా, నాలుక పదేపదే అక్కడికే పోతుంది. బాగా రాశాననే అనుకున్నాడు, బయటికొచ్చి చెల్లెలింట్లో మిఠాయి కూడా పంచాడు. నాలుగో గ్రేడు వచ్చింది, అంటే ఫెయిలు. అప్పుడు కరీషా కుర్చీ ఎదురుగా లాక్కుని కూర్చుంది, పోలీసులా. "ఏం రాశావో చెప్పు. క్రాకింగ్‌కి కావాల్సిన రెండు పరిస్థితులు రాయమన్నారు కదా, రెండు మార్కులు, ఏం రాశావ్?" "అన్నీ రాశా." "అన్నీ అంటే?" "ముందు ఆవిరి పెట్టి గొట్టాలు ఆరబెట్టాలి, గంటకి యాభై డిగ్రీల చొప్పున వేడి ఎక్కించాలి, వాల్వుల మీద ఒత్తిడి తేడా చూసుకోవాలి, అప్పుడు..." "వేడి, క్యాటలిస్టు. రెండు ముక్కలు మామూ! ఎన్ని పేజీలు రాశావ్?" "ఒకటిన్నర. బొమ్మతో." కరీషా కళ్ళు మూసుకుని తెరిచింది. "సరే. రాని ప్రశ్నలు?" "వదిలేశా, తర్వాత రాద్దామని." "మళ్ళీ వచ్చి రాశావా?" "రాశా. గుర్తొచ్చినవన్నీ పక్కన అంచులో రాశా." "అంచులో ఎందుకు? గీతలు ఖాళీగానే ఉన్నాయి కదా?" అక్కడే దియోచంద్ కాస్త గర్వంగా చెప్పాడు, "ఖాళీగా ఎలా వదుల్తాను? ఖాళీ జాగా అంతా కొట్టేసి, కింద టైము వేసి, పొట్టి సంతకం పెట్టా." చెల్లెలు పొయ్యి ఆపేసింది. "కొట్టేశావా? ఖాళీ జాగాని?" "మరి?" "అన్ని ప్రశ్నలకీ?" "జవాబు అయిపోయాక కింద మిగిలిన జాగాక్కూడా. గీత ఈ మూల నుంచి ఆ మూలకి. రూలరు పెట్టి, నీటుగా." కరీషా రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుంది. ఆ కాగితాలు కంప్యూటరులో బొమ్మలు తీసి దిద్దుతారట, గీతల బయట రాసింది కనపడనే కనపడదట, అడ్డంగా కొట్టేసింది కొట్టేసినట్టేనట. "ఎవరు నేర్పార్రా దేవుడా నీకు ఇది?" అని చెల్లెలు నుదురు కొట్టుకుంది.

ఎవరు నేర్పుతారు, అంబ్రోజే నేర్పాడు, నేర్పాలని నేర్పలేదు. ఒక మధ్యాహ్నం షిఫ్టు, ఆగిన గొట్టాన్ని మళ్ళీ నడపాలి, అడుగున చేరిన నీళ్ళు తీసేసి అప్పుడు వేడి నూనె వదలాలి. నీళ్ళు తియ్యలేదు ఎవరూ. మూడొందల డిగ్రీల నూనె ఆ కాసిని నీళ్ళని తాకింది, నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై పదహారొందల రెట్లయి, ఆ చప్పుడు క్లాక్స్‌టన్ బే ఊరి దాకా వినపడింది, ఇద్దరికి చేతులు కాలాయి. విచారణకి, గంట గంటకీ చేసిన పని రాసుకునే లాగ్‌బుక్కు తెరిస్తే, అంబ్రోజ్ పేజీలో రెండు గంటల వరస, అంబ్రోజ్ తర్వాత చూసి రాద్దామని ఖాళీగా వదిలిన వరస, ఖాళీగా లేదు. నీళ్ళు తీసేశాం అని రాసుంది. ఎవడి చేతిరాతో, ఎప్పుడు రాశాడో, ఎవడూ ఒప్పుకోలేదు, పేజీ మాత్రం అంబ్రోజ్‌ది, దొంగ రాత రాయించాడన్నారు. ఫోర్మన్ బ్యాడ్జీ తీసుకుని ట్యాంకుల గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెట్టారు, ఆరడుగుల మనిషిని, వచ్చే లారీల నంబర్లు రాసుకోమని. ఆ స్టూలు మీద అంబ్రోజ్ తన మీద తను జోకులేసుకునేవాడు, లారీల చప్పుడు వింటే బియ్యమో ఇసకో చెప్పగలనురా పౌడర్ అని. ఒక్కసారే, ఒక్కసారే ఆ మాట ఎత్తాడు. "వాడెవడో రాశాడని కాదురా నా ఏడుపు. ఆ జాగా నేనిచ్చాను వాడికి." ఆ రోజు నుంచి దియోచంద్ ఏ కాగితం మీదా జాగా ఇవ్వలేదు. లాగ్‌బుక్కు, బ్యాంకు ఫారం, ఆసుపత్రి చీటీ, చెల్లెలి కిరాణా జాబితా కూడా, చివరి వస్తువు కింద గీత కొట్టి సంతకం. అంబ్రోజ్ పోయి మూడేళ్ళు, అంతిమయాత్రలో ఉక్కు డ్రమ్ముల స్టీల్‌బ్యాండు వాయించారు, ఆయనకిష్టమని. ఈ సంగతి కరీషాకి చెప్పలేదు. సరదా మనిషి కదా తను, చెప్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి. నాలుగు నెలలూ ఆ పిల్ల జవాబులు నేర్పలేదు అసలు, గీత కొట్టకుండా ఉండడం నేర్పింది, రూలరు లాక్కుని దాచేసింది, గీత కొట్టినప్పుడల్లా వేళ్ళ మీద గరిటతో ఒకటి. ఇంట్లో అయితే పది సార్లలో ఆరు సార్లు ఆగుతోంది చెయ్యి. ఆరు సార్లు.

గంట కొట్టారు. మోకాళ్ళు రెండూ ఒకేసారి ఆగిపోయాయి, అదింకా భయంగా ఉంది. వరసలు కడుతుంటే కరీషా తన వరసలోంచి ఇటు పరిగెత్తుకొచ్చి, చొక్కా జేబు తడిమి, రూలరు లేదని చూసుకుని, "రెండు మార్కులకి రెండు ముక్కలు," అంది, కళ్ళు తడిసింది ఏడుపుకా చెమటకా తెలీలేదు, "అమ్మడూ, నీ పరీక్ష నువ్వు రాసుకోవే," అన్నాడు, అప్పటికే వెళ్ళిపోయింది. లోపల చల్లగా ఉంది. ఏసీ నిజంగానే కారుతోంది, కింద బకెట్ పెట్టారు, ఇందాకటి టీచరమ్మే వరసల మధ్య కాగితాలు పంచుతూ వచ్చింది, దియోచంద్ బల్ల దగ్గర ఆగింది, బల్ల మీద అంటించిన నంబరు చూసింది, కార్డు మీద ఫోటో చూసింది, మనిషిని చూసింది. "తర్వాత చూస్తాను మిస్, దాని సంగతి," అన్నాడు నెమ్మదిగా, ఆవిడ పెదాలు బిగించి నవ్వాపుకుంది. తెరవండి అన్నారు. మొదటి ప్రశ్న లవణాలు, వచ్చు. రెండు, మూడు, ముక్కలు ముక్కలుగా రాస్తూ పోయాడు, గోడ గడియారం వైపు చెయ్యి లాగుతోంది, టైము వెయ్యమని, వెయ్యలేదు. నాలుగో ప్రశ్న పేజీ తిప్పగానే బొమ్మ. పరీక్ష నాళికలో నూనెలో తడిపిన దూది, మధ్యలో క్యాటలిస్టు ముక్కలు, కింద మంట, గొట్టం ఒకటి వంకర తిరిగి నీళ్ళ తొట్టిలోకి, నీళ్ళలో బోర్లించిన గాజు సీసాలో గ్యాసు బుడగలు. పద్నాలుగు అంతస్తుల క్రాకరు అరచెయ్యంత అయిపోయి కూర్చుంది. మంట తీసేముందు గొట్టాన్ని నీళ్ళలోంచి ఎందుకు బయటికి తియ్యాలి? రెండు మార్కులు. ఆరు గీతలు.

ఎందుకా! ఎందుకని నన్నడుగుతున్నారా! ఆ మధ్యాహ్నం, ఆ చప్పుడు, ఆ కాలిన చేతులు, గేటు దగ్గర స్టూలు, మంట ఆరితే లోపల గాలి ముడుచుకుంటుంది, నీళ్ళని లాగేసుకుంటుంది, నీళ్ళు వేడిని తాకితే ఏమవుతుందో మీకు తెలుసా బార్బడోస్‌లో కూర్చున్న బాబులూ, చెప్తాను కూర్చోండి, ఒకటిన్నర పేజీ కాదు పుస్తకం రాస్తాను, ఆయన పేరు కూడా రాస్తాను, పెన్ను కాగితాన్ని తాకింది. తలెత్తితే ముందు బల్ల పిల్ల జడ. పక్కన ఎవరో దగ్గారు. రెండు మార్కులకి రెండు ముక్కలు. నీళ్ళు వేడి నాళికలోకి వెనక్కి లాగబడతాయి, అని రాశాడు. నాళిక పగిలిపోతుంది, అని రాశాడు. చుక్క పెట్టాడు. రెండు గీతలు నిండాయి. నాలుగు మిగిలాయి. పెన్ను మొన ఆ ఖాళీ పై మూలకి తనంతట తనే వెళ్ళి నిలబడింది, రూలరు లేకపోతేనేం, ఇరవై ఏళ్ళుగా గీసిన గీత, కళ్ళు మూసుకున్నా తిన్నగా వస్తుంది. ఆ నాలుగు గీతలూ ఎంత తెల్లగా ఉన్నాయంటే ఎవడైనా వచ్చి ఏదైనా రాసుకోవచ్చు, ఏ అబద్ధమైనా, ఏ టైమైనా. ఎవడొస్తాడు? ఈ కాగితం మీద తనొక్కడే. తన తర్వాత షిఫ్టు లేదు. దియోచంద్ పెన్ను పైకెత్తి, చెయ్యి తొడ కింద పెట్టుకుని, దాని మీద తన బరువంతా వేసి కూర్చున్నాడు. అలా ఎంతసేపో, ఆ ఖాళీని ఖాళీగానే చూస్తూ. తర్వాత ఎడం చేత్తో పేజీ తిప్పాడు.